విదేశీ వార్డుకి మన నర్సింగ్ విద్యార్థుల్ని ఎలా సిద్ధం చేయాలి?

ఒక జిల్లా నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా పనిచేస్తున్న మేడమ్ అడిగిన ప్రశ్న ఇది: "మా ఫైనల్ ఇయర్ పిల్లల్లో సగం మంది జర్మనీ, ఇంగ్లండ్, గల్ఫ్ అంటున్నారు. ఇంటర్‌కల్చరల్ కాంపిటెన్స్ మీద, అంటే వేరే సంస్కృతుల మనుషులతో పనిచేసే నేర్పు మీద ఒక మాడ్యూల్ తయారు చేయమన్నారు మా ప్రిన్సిపాల్ గారు. దేశాలవారీగా, మతాలవారీగా నోట్స్ ఇస్తే సరిపోతుందా? ఏదైనా సర్టిఫికెట్ కోర్సు చేయించమంటారా?"

మేడమ్, నోట్స్ ఇవ్వండి, తప్పేం లేదు. కానీ వాటిని మాడ్యూల్ చివర్లో పెట్టుకోండి. నేను హైదరాబాద్‌లో ఐసీయూలో చేసి, తర్వాత రియాద్ వెళ్లి, ఇప్పుడు ఇంగ్లండ్‌లో వృద్ధుల వార్డులో ఉన్నాను. ఇండియా నుంచి కొత్తగా వచ్చే నర్సుల్ని ఆస్కీకి, అంటే ఇక్కడ నర్సుగా రిజిస్టర్ అవ్వడానికి పెట్టే ప్రాక్టికల్ పరీక్షకి తయారు చేసే పని కూడా చూస్తుంటాను. ముస్లింలు పంది మాంసం తినరు, యెహోవా సాక్షులు రక్తం ఎక్కించుకోరు వంటి విషయాలు మన పిల్లలకి వచ్చేటప్పటికే నోటికి వచ్చి ఉంటాయి. వాళ్లు తడబడేది వేరే చోట. పేషెంటు సంగతి ఎవరితో మాట్లాడాలి, డాక్టర్‌కి ఎదురు ఎప్పుడు చెప్పాలి, ఒళ్లు ఎవరు తుడవాలి, పెద్దాయన మన మాట వినకపోతే ఏం చేయాలి, ఇవీ వాళ్ల ఇబ్బందులు. ఇవన్నీ మన దగ్గర ఆసుపత్రిలో అలవాటైపోయిన పనులు కాబట్టి ఎవరూ వీటిని కల్చర్ అనుకోరు. అందుకే సిలబస్‌లోకి రావు.

మొదటి క్లాసు అటెండర్‌తో మొదలుపెట్టండి. మన వార్డులో ప్రతి మంచం పక్కన ఒక కొడుకో, కోడలో, బావమరిదో ఉంటారు. మందులు తెచ్చేది వాళ్లే, ఇడ్లీ తినిపించేది వాళ్లే, బాత్రూమ్‌కి తీసుకెళ్లేది వాళ్లే. రిపోర్టు వస్తే డాక్టర్ పిలిచేది కూడా వాళ్లనే. పిల్లలు పోస్టింగ్‌లో ఉన్నప్పుడు ఒక షిఫ్ట్ మొత్తం అటెండర్ చేసే ప్రతి పనీ రాసుకోమనండి. సాయంత్రం ఆ కాగితం ముందు పెట్టి, "రేపు ఈ అటెండర్ లేడు. ఇవన్నీ ఎవరు చేస్తారు?" అని అడగండి. ఇంగ్లండ్‌లో, జర్మనీలో ఆ జాబితాలో చాలా భాగం నర్సుదీ, హెల్త్‌కేర్ అసిస్టెంటుదీ. బెడ్ పాన్ పెట్టడం, పళ్ల సెట్టు కడగడం, గడ్డం గీయడం, నీళ్లు ఎంత తాగారో రాయడం అన్నీ.

జర్మనీ సంగతి ఇక్కడే చెప్పాలి. విదేశీ ఉద్యోగాలకి పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా తెలంగాణ పిల్లలు వెళ్తున్నారు కాబట్టి మీ దగ్గర కూడా అడిగేవాళ్లు ఉంటారు. మన అమ్మాయి ఇండియాలో ఐసీయూలో వెంటిలేటర్ పేషెంట్‌ని చూసి, ఐవీ లైన్లు పెట్టి, రక్తం తీసి వెళ్తుంది. అక్కడ చాలా ఆసుపత్రుల్లో రక్తం తీయడం, కాన్యులా పెట్టడం డాక్టర్ల పనిగానే వస్తోంది. నర్సు పొద్దున్నే పేషెంటుకి ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, కూర్చోబెట్టి టిఫిన్ పెట్టాలి. "బీఎస్సీ చదివి ఆయా పని చేస్తున్నా" అని ఇంటికి ఫోన్ చేసి ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. జర్మనీవాళ్ల దృష్టిలో ఒళ్లు తుడవడం కింది పని కాదు. చర్మం ఎలా ఉంది, ఊపిరి ఎలా ఆడుతోంది, నిన్నటికీ ఇవాళ్టికీ మనిషిలో తేడా ఏమిటి అని నర్సు చూసుకునేది ఆ పది నిమిషాల్లోనే. మన దగ్గర ఆ పనికి కులం, హోదా అంటుకుని ఉన్నాయి. ఈ మాట క్లాసులో పైకి చెప్పండి. చెప్పకపోతే ఆ అవమానభావం సూట్‌కేసులో పిల్లలతో పాటే వస్తుంది. వీలైతే మీ కాలేజీలో ఉండగానే, ఆయాలకి వదిలేయకుండా స్పాంజ్ బాత్ వాళ్ల చేతే చేయించండి.

రెండోది, జబ్బు సంగతి ఎవరికి చెప్పాలన్నది. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అందరికన్నా మనవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడేది ఇక్కడ. మన దగ్గర క్యాన్సర్ అని తేలితే కొడుకు డాక్టర్‌ని పక్కకి తీసుకెళ్లి "అమ్మకి చెప్పకండి సార్, తట్టుకోలేదు" అంటాడు. అందరం సరే అంటాం. ఇంగ్లండ్‌లో పేషెంటు ఒప్పుకోకుండా కొడుక్కి రిపోర్టు చెబితే అది గోప్యత ఉల్లంఘన. ఫోన్ చేసి "మా నాన్నకి ఎలా ఉంది?" అని అడిగినా, చెప్పొచ్చని ఆ నాన్న ముందే ఒప్పుకుని ఉండాలి.

అలాగని రూలు చదివి వినిపించేస్తే పని అవ్వదు. మా వార్డులో ఒక గుజరాతీ పెద్దావిడ ఉండేది. 1972లో ఈదీ అమీన్ ఆసియావాళ్లను ఉగాండా నుంచి వెళ్లగొట్టినప్పుడు ఇంగ్లండ్ చేరిన కుటుంబం. కొడుకు నన్ను కారిడార్‌లో ఆపి, అచ్చం మన ఊళ్లో అన్నట్టే "మా అమ్మకి ఏమీ చెప్పొద్దు సిస్టర్" అన్నాడు. నాతో ఉన్న కొత్త నర్సు, మన గుంటూరు అమ్మాయి, సరే అన్నట్టు తల ఊపబోయింది. ఇంకో ఇంగ్లిష్ నర్సు అయితే "సారీ, ఇక్కడ అలా కుదరదు" అనేసేది. మేం కన్సల్టెంట్‌తో మాట్లాడి, ఫోన్‌లో గుజరాతీ ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టుకుని, కొడుకుని కాసేపు బయట కూర్చోమని చెప్పి ఆమెనే అడిగాం: "మీ ఒంట్లో ఏం జరుగుతోందో మీకు ఎంతవరకు చెప్పమంటారు? అంతా వినాలని ఉందా, ముఖ్యమైనవి చాలా, లేకపోతే ఇంట్లో ఎవరికైనా చెప్పమంటారా?" ఆవిడ తడుముకోలేదు. "అబ్బాయికి చెప్పండి. నన్ను ఇంటికి ఎప్పుడు పంపుతారో అది మాత్రం నాకు చెప్పండి" అంది. అదే మాట కేస్ షీట్‌లో రాశాం. తెలుసుకునే హక్కులో, వద్దు అనుకునే హక్కు కూడా ఉంది. కాకపోతే ఆ మాట ఆమె నోటి నుంచి రావాలి, కొడుకు నోటి నుంచి కాదు.

ఈ ప్రశ్న అడగడం మీ పిల్లలకి తెలుగులోనే ప్రాక్టీస్ చేయించండి. ఇంగ్లిష్ తర్వాత. తెలుగులో సిగ్గుపడకుండా అడగలేనిది ఇంగ్లిష్‌లో ఎలా వస్తుంది?

మూడోది పెద్దవాళ్లతో మన చనువు. "అలా అంటే ఎలా తాతా, నా మాట వినవా" అని బుజ్జగించి మాత్ర మింగిస్తాం. మన దగ్గర అది ప్రేమ. ఇక్కడ ఎనభై దాటిన ఒకాయన, రెండుసార్లు పడినవాడు, "నేనొక్కడినే బాత్రూమ్‌కి వెళ్తాను, నా వెంట రావద్దు" అంటాడు. మనమ్మాయి మంచం రెయిలింగ్ పైకెత్తేసి, కూర్చోండి అంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో మెంటల్ కెపాసిటీ యాక్ట్ అని 2005 నాటి చట్టం ఉంది. తెలివి తక్కువ నిర్ణయం తీసుకున్నంత మాత్రాన మనిషికి నిర్ణయం తీసుకునే శక్తి లేదనుకోకూడదు అని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఆయనకి అర్థమయ్యే తెలివి ఉంటే, పడే ప్రమాదం వివరించి, వాకర్ అందుబాటులో పెట్టి, తలుపు బయట నిలబడాలి. ఆపాలని లేచే చేతిని ఆపుకోవడం చాలా కష్టం మేడమ్. ఇంకోటి, "పిల్లలు ఒక్కరూ రారేంటి పాపం" అని జాలిపడటం. ఆ పెద్దాయనకి ఒంటరితనం బాధ కావచ్చు, స్వతంత్రంగా బతికానన్న గర్వమూ కావచ్చు. ముందే మనం తేల్చేయకూడదు.

పిలుపు సంగతి చిన్నదే. అమ్మా, బాబాయ్, పెద్దమ్మా అనే అలవాటు అక్కడ పనికిరాదు. మొదటి రోజే మన పేరు చెప్పి, "మిమ్మల్ని ఏమని పిలవాలి?" అని అడగాలి. కేట్ గ్రేంజర్ అనే డాక్టరు తానే క్యాన్సర్ పేషెంటుగా మంచం మీద ఉన్నప్పుడు, వచ్చినవాళ్లు పేరు కూడా చెప్పకుండా పని చేసి వెళ్లిపోతున్నారని గమనించి 2013లో మొదలుపెట్టిన "హలో, మై నేమ్ ఈజ్" ప్రచారం బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ అంతా పాకింది. మన తల ఊపు కూడా ఒకసారి అద్దంలో చూపించండి. మనం "ఊ, అర్థమైంది" అని అటూ ఇటూ ఊపేది వాళ్లకి "కాదు" అన్నట్టు కనిపిస్తుంది. మందుల హ్యాండోవర్‌లో నోటితో చెప్పడమే క్షేమం.

ఇక డాక్టర్ ముందు నోరు విప్పడం. నా లెక్కలో ప్రాణాల మీదకి తెచ్చే కల్చర్ సమస్య ఇదొక్కటే. మిగతావన్నీ మనసు కష్టపెట్టేవి. రాత్రి రెండు గంటలకి పేషెంటు ఊపిరి నిమిషానికి ఇరవై ఆరు, బీపీ తగ్గుతోంది, న్యూస్‌ 2 స్కోరు (ఊపిరి, బీపీ లాంటివి కలిపి పేషెంటు ఎంత ప్రమాదంలో ఉన్నారో చెప్పే లెక్క) 7 వచ్చింది. అంటే ఎమర్జెన్సీ, వెంటనే పిలవాలి. మన దగ్గర పెరిగిన నర్సు మనసులో "సార్ పడుకుని ఉంటారు, ఇంకోసారి చూసి పిలుద్దాం" అన్న ఆలోచన వస్తుంది. పిలిచినా "సార్, కొంచెం చూస్తారా" అని నసుగుతుంది. అవతలి డాక్టర్‌కి అది అర్జెంట్ అని తెలియదు. అక్కడ డాక్టర్‌ని పేరుతో పిలుస్తారు, నర్సు "ఇది నాకు ఆందోళనగా ఉంది, అరగంటలో మీరు రావాలి" అని చెప్పాలనే వాళ్లు ఆశిస్తారు. చెప్పకపోతే తప్పు నర్సుదే అవుతుంది.

దీనికి రోల్ ప్లే చేయించండి. ఒకరు చిరాకుపడే డ్యూటీ డాక్టర్, ఒకరు నర్సు. ఎస్‌బార్ పద్ధతిలో నాలుగు వాక్యాలు: ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథ ఏమిటి, నేనేం చూశాను, మీరు ఏం చేయాలి. నాలుగో వాక్యమే మన పిల్లలు మింగేస్తారు. డాక్టర్ పాత్ర వేసేవాళ్లని కావాలని "ఓకే, పారాసెటమాల్ ఇవ్వండి" అని ఫోన్ పెట్టేయమనండి. అప్పుడు నర్సు మళ్లీ చేయాలి, రాకపోతే పైవాళ్లకి చేయాలి. మొదట్లో నవ్వుతారు. నవ్వులు ఆగేదాకా చేయించండి. మీ ఫ్యాకల్టీలో ఎవరైనా సీనియర్ సార్ ఆ డాక్టర్ పాత్ర వేస్తే మరీ మంచిది.

ఇప్పుడు మతాలు, ఆచారాల నోట్స్. ఇక్కడ నా సలహా ఏమిటంటే, జవాబుల్ని కంఠతా పట్టించకుండా ప్రశ్నలు నేర్పండి. యెహోవా సాక్షులనే తీసుకోండి. ఎర్ర రక్తకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు వద్దంటారు. ఆల్బుమిన్, క్లాటింగ్ ఫ్యాక్టర్లు మాత్రం ఎవరికి వాళ్లు తేల్చుకునే విషయం. నోట్స్‌లో "రక్తం వద్దు" అని ఒక్క ముక్క చదివిన నర్సు ఆ రెండో ప్రశ్న అడగనే అడగదు. కదలలేని పేషెంట్లకి రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద ఇచ్చే ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్ పంది పేగుల నుంచి తయారవుతుంది. చాలామంది ముస్లింలు వైద్య అవసరం కాబట్టి ఒప్పుకుంటారు, కొందరు వద్దంటారు. వద్దంటే ఫోండాపారినక్స్ లాంటి కృత్రిమ మందు ఉందని ఫార్మసిస్ట్‌తో మాట్లాడొచ్చు. ఈ మాట మన హైదరాబాద్‌లో ఎంతమంది పేషెంట్లకి చెప్తున్నాం? క్యాప్సూల్ పైతొడుగు జెలటిన్ అని మాంసం ముట్టని మన జైనులకీ, వైష్ణవులకీ చెప్పే అలవాటైనా ఉందా? సిక్కు పేషెంటుకి ఆపరేషన్‌కి ముందు ఛాతీ మీద వెంట్రుకలు తీయాలన్నా అడిగే తీయాలి.

దీన్ని నేర్పడానికి లండన్ అక్కర్లేదు. రంజాన్ నెలలో ఉస్మానియాలోనో, మీ జిల్లా ఆసుపత్రిలోనో షుగర్ పేషెంట్ల దగ్గరికి పంపండి. వేలి చివర రక్తం తీసి షుగర్ చూసుకుంటే రోజా పోదని పండితులు సాధారణంగా ఒప్పుకునే మాట. కానీ పోతుందని భయపడి చూసుకోనివాళ్లు ఉంటారు. షుగర్ 70 కన్నా కిందకి పడిపోయినా, 300 దాటినా రోజా విరమించాలని అంతర్జాతీయ డయాబెటిస్ మార్గదర్శకాలు చెప్తాయి. సహర్‌కీ ఇఫ్తార్‌కీ ఇన్సులిన్ ఎలా సర్దాలో డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి. "ఉపవాసం మానేయండి" అని ఒక్క మాటతో తేల్చేస్తే, పేషెంటు తల ఊపి ఇంటికెళ్లి ఉపవాసం ఉంటుంది, ఈసారి మనకి చెప్పకుండా.

ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ 1970లలో కొన్ని ప్రశ్నలు రాశారు. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటాయి: ఈ జబ్బు ఎందుకు వచ్చిందనుకుంటున్నారు? ఇప్పుడే ఎందుకు మొదలైందంటారు? దీని గురించి మీకు అన్నిటికన్నా భయం ఏమిటి? ఎలాంటి వైద్యం కావాలనుకుంటున్నారు? వీటిని మీ పిల్లలు ముందు సొంత ఇంట్లో నానమ్మని, అమ్మమ్మని అడగాలి. ఆటలమ్మ పోస్తే మందు వేయకుండా వేపాకు ఎందుకు కడతారు, బాలింతకి ఏ కూరలు పెట్టరు, వేడి చేసింది అంటే ఏమిటి, దిష్టి తీశాక నిజంగా తగ్గిందా? తండా నుంచి వచ్చిన అమ్మాయి, చర్చికి వెళ్లే అమ్మాయి, పాతబస్తీ అమ్మాయి తలో జవాబు పట్టుకొస్తారు. మీ క్లాసులోనే ఇన్ని ఆచారాలు కూర్చుని ఉండగా పాఠం కోసం పీపీటీలో గ్రీన్‌ల్యాండ్ ఎస్కిమోల గురించి వెతకడం నాకు నచ్చదు.

ఇంటర్‌ప్రెటర్ ఎక్సర్‌సైజ్ కూడా ఇలాగే. లంబాడీ భాష మాట్లాడే అమ్మాయి పేషెంటు, ఆ భాష తెలిసిన ఇంకో అమ్మాయి ఇంటర్‌ప్రెటర్, భాష రాని అమ్మాయి నర్సు. నర్సు పేషెంటు ముఖం చూసి మాట్లాడాలి, ఇంటర్‌ప్రెటర్ వైపు తిరిగి "ఆమెని అడుగు" అనకూడదు. ఒక్కో వాక్యమే చెప్పాలి. చివర్లో "ఇంటికెళ్లి ఈ మాత్ర ఎలా వేసుకుంటారో మీరే ఒకసారి చెప్పండి" అని తిరిగి చెప్పించుకోవాలి. "అర్థమైందా?" అంటే ఏ భాషలోనైనా అవుననే అంటారు. ఇంటివాళ్లని, ముఖ్యంగా చిన్నపిల్లల్ని ఇంటర్‌ప్రెటర్లుగా వాడకూడదని గట్టిగా చెప్పండి. భర్త పక్కనుండగా గర్భస్రావం గురించి భార్య నిజం చెప్తుందా? ఏజెన్సీలో కోయ, గోండు ఆడవాళ్ల ప్రసవాలు చూసిన ఏఎన్‌ఎంలని ఒకరోజు క్లాసుకి పిలవండి. ఈ విషయంలో నాకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు.

చర్మం రంగు గురించి రెండు మాటలు. పుస్తకాల్లో బెడ్ సోర్ మొదటి దశ "ఎర్రగా కనిపిస్తుంది" అని ఉంటుంది. నల్లటి చర్మం మీద ఆ ఎరుపు కనిపించదు. వేడి, గట్టిదనం, నొప్పి చేత్తో చూడాలి. పల్స్ ఆక్సీమీటర్ నల్లటి చర్మం ఉన్నవాళ్లలో ఆక్సిజన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చని 2020లో వచ్చిన అమెరికా పరిశోధన తర్వాత అందరూ జాగ్రత్తపడ్డారు. కంటి రెప్ప లోపల రక్తహీనత, తెల్లగుడ్డులో కామెర్లు చూడటం మన నర్సులకి అలవాటే. ఈ ఒక్క చోట మనం వాళ్లకి నేర్పగలం.

కానీ రంగు గురించి ఇంకో చేదు మాట కూడా ఉంది. ఆఫ్రికా పేషెంట్ల గురించి మనవాళ్లు తెలుగులో, మలయాళంలో మంచం పక్కనే నిలబడి అనే మాటలు నేను హైదరాబాద్‌లో విన్నాను, రియాద్‌లో విన్నాను. వాళ్లకి భాష రాదన్న ధీమా. గొంతు, నవ్వు, చూపు అందరికీ అర్థమవుతాయి. పేషెంటు ముందు పేషెంటుకి తెలియని భాష మాట్లాడకూడదు అనే ఒక్క నియమం మీ క్లినికల్ పోస్టింగ్‌లో ఇవాళ్టి నుంచే పెట్టండి. అలాగే ఒక మగ పేషెంటు తన దగ్గరి బంధువుగా భర్త పేరు చెప్తే రాసుకుని ముందుకెళ్లాలి, ముఖంలో ఏమీ కనపడకూడదు.

పరీక్షకి సిద్ధాంతాలు ఎలాగూ చెప్పాలి. సంస్కృతిని బట్టి నర్సింగ్ అనే సిద్ధాంతం చెప్పిన అమెరికన్ నర్సు మాడలీన్ లైనింగర్ పిల్లల మానసిక వైద్య కేంద్రంలో నర్సుగా చేస్తూ, వేర్వేరు నేపథ్యాల పిల్లలకి ఒకే సేవ సరిపోవడం లేదని చూసి ఆంత్రోపాలజీ చదివి, న్యూ గినీలో గాడ్‌సప్ ప్రజల మధ్య ఉండి వచ్చిన కథ చెప్పండి. ఆమె సిద్ధాంతాన్ని చూపే సన్‌రైజ్ మోడల్ బొమ్మ కన్నా ఆ కథే పిల్లలకి గుర్తుంటుంది. నాకు మాత్రం న్యూజిలాండ్ మావోరీ నర్సు ఇరిహపెటి రామ్స్‌డెన్ చెప్పిన కల్చరల్ సేఫ్టీ అన్నిటికన్నా ఉపయోగపడింది. సేవ సురక్షితంగా ఉందో లేదో తేల్చేది నర్సు కాదు, అందుకున్న మనిషి అంటారామె. 1990ల తొలినాళ్లలోనే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దాన్ని నర్సింగ్ చదువులో భాగం చేసింది. మీ మార్కింగ్ కూడా అలాగే పెట్టండి. ప్రాక్టికల్‌లో పేషెంటు పాత్ర వేసిన మనిషినే అడగండి, "ఈ అమ్మాయి నిన్ను అడిగిందా, తనే నిర్ణయించేసిందా?" అని. కొన్ని మార్కులు ఆ జవాబుకే ఇవ్వండి.

సర్టిఫికెట్ కోర్సు విషయం. వద్దు మేడమ్. ఆన్‌లైన్‌లో రెండు గంటల వీడియో చూసి తీసుకున్న కాగితాన్ని నేను చూసిన ఇంటర్వ్యూల్లో ఎవరూ అడగలేదు. ఆ డబ్బు ఓఈటీకో (వైద్యరంగం వాళ్లకి పెట్టే ఇంగ్లిష్ పరీక్ష), జర్మన్ భాష బీ2 స్థాయికో పెట్టమనండి. భాష లేకుండా పైన చెప్పినవేవీ జరగవు. ఇంటర్వ్యూలో వాళ్లు అడిగేది ఇలా ఉంటుంది: "మీ పేషెంటు మందు వద్దంటోంది, కూతురేమో ఎలాగైనా ఇవ్వమంటోంది. ఏం చేస్తారు?" మన పిల్లలు చాలామంది "ఫ్యామిలీని కౌన్సెల్ చేస్తాను" అని మొదలుపెడతారు. ప్యానెల్ వినాలనుకునే మొదటి వాక్యం "ఎందుకు వద్దంటున్నారో పేషెంటునే అడుగుతాను" అన్నది. ఇలాంటివి ఓ పదిహేను తయారు చేసి ప్రతి సోమవారం పోస్టింగ్‌కి ముందు ఒకటి ఇవ్వండి. కావాలంటే నా దగ్గర ఉన్నవి తెలుగులో రాసి పంపుతాను.